రసాయన జీవశాస్త్రం: పరిశోధన స్థాయి చదువు

జీవకణంలో జరిగే పనులను అర్థం చేసుకోవడానికి, అవసరమైతే మార్చడానికి, ప్రయోగశాలలో తయారుచేసిన అణువులను పనిముట్లుగా వాడే శాస్త్రం రసాయన జీవశాస్త్రం. జీవరసాయన శాస్త్రానికి ఇది దగ్గరి చుట్టం. అక్కడ పరిశోధకులు కణంలో ఉన్న అణువులను విడదీసి పరిశీలిస్తారు. ఇక్కడ ప్రకృతిలో లేని అణువును కొత్తగా కట్టి, కణంలోకి పంపి, ఏం జరుగుతుందో చూస్తారు. ఔషధ రసాయన శాస్త్రంతోనూ పొత్తు ఎక్కువే. అయితే ఆ శాస్త్రం మందు కోసం వెతుకుతుంది, ఇది ఒక ప్రశ్నకు జవాబు కోసం వెతుకుతుంది. వెతికే దారిలో మందు దొరికితే మంచిదే, దొరక్కపోయినా థీసిస్‌కు లోటు లేదు.

ఈ రంగంలో పీహెచ్‌డీ అంటే కెమిస్ట్రీ సగం, బయాలజీ సగం చదవడమని చాలామంది అనుకుంటారు. పేరున్న కార్యక్రమాలేవీ అలా నడవవు. విద్యార్థికి ఒక పనిలో చెయ్యి బాగా తిరగాలి: అణువును కట్టడంలోనైనా సరే, కణాలను పెంచి కొలవడంలోనైనా సరే. రెండో పనిలో ఇతరులు తెచ్చిన ఫలితం చూసి అందులో మోసమెక్కడుందో పసిగట్టగలిగినంత పరిచయం ఉండాలి. ఈ రెండూ ఐదారేళ్లలో ఒక మనిషికి ఎలా అబ్బుతాయన్న దాని చుట్టూనే ఈ చదువు తీరుతెన్నులన్నీ ఏర్పడ్డాయి.

చరిత్ర

పద్ధతి పాతది, పేరు కొత్తది. జర్మన్ వైద్యుడు పాల్ ఎర్లిక్ రంగు పదార్థాలు కొన్ని కణాలకు పట్టి మరికొన్నింటికి పట్టకపోవడం గమనించారు. కణాల మీద ఒక్కో రకం అణువును పట్టుకునే ప్రత్యేక స్థానాలు ఉండాలన్న ఊహ ఆయనకు అక్కడే పుట్టింది. ఆ ఊహ వెంట నడిచి ఆయన బృందం వందలాది ఆర్సెనిక్ సమ్మేళనాలను పరీక్షించింది. వాటిలో ఒకటి సాల్వార్సాన్ పేరుతో 1910లో సిఫిలిస్‌కు మందుగా బజారులోకి వచ్చింది.

తెలుగు పాఠకులకు ఈ కథలో బాగా తెలిసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరిన ఆయన 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్పరస్‌ను రంగు తేడాతో కొలిచే పద్ధతి రూపొందించారు. ఆ కొలతే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల దగ్గరికి దారి తీసింది. 1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. తర్వాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాయి. ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో అచ్చయిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం నెమ్మదించింది. ఆ అణువు పట్టుకుంటున్నది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును అని తేలేసరికి 1950ల చివరికొచ్చింది. ముందు అణువు, తర్వాత దాని ప్రభావం, ఆఖర్న అది తగిలిన ప్రోటీన్. నేటికీ ఈ రంగంలో చాలా థీసిస్‌లు ఇదే వరుసలో నడుస్తాయి.

1960లలో ఇద్దరు రసాయనవేత్తలు ఈ సరిహద్దును బాగా చెరిపేశారు. హర్‌గోవింద్ ఖొరానా విస్కాన్సిన్‌లో చిన్న చిన్న న్యూక్లియిక్ ఆమ్లపు ముక్కలను తాను కోరిన వరుసలో కట్టి, వాటి నుంచి ఏ ప్రోటీన్ తయారవుతుందో చూసి జన్యు సంకేతాన్ని విప్పడంలో భాగమయ్యారు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఆరితేరిన ఆ మనిషికి 1968లో వచ్చిన నోబెల్ వైద్య విభాగంలోది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్‌లో బ్రూస్ మెరిఫీల్డ్ 1963లో పెప్టైడ్‌ను ప్లాస్టిక్ పూసకు అంటించి, ఒక్కో అమైనో ఆమ్లాన్నీ చేర్చుకుంటూ పోయే పద్ధతి ప్రకటించారు. 1969కల్లా అదే పద్ధతిలో 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ తయారైంది. ఎంజైమ్ అంటే జీవి మాత్రమే చేయగలిగిన వస్తువన్న పాత నమ్మకానికి అక్కడ గట్టి దెబ్బ తగిలింది.

చికాగోలో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ మరో దారి పట్టారు. కణ విభజనను ఆపే కొల్చిసిన్‌కు రేడియోధార్మిక గుర్తు తగిలించి, కణంలో అది దేన్ని పట్టుకుంటుందో వెతికారు. 1967లో వారు ప్రకటించిన ఆ ప్రోటీన్‌కే తర్వాత ట్యూబ్యులిన్ అన్న పేరు స్థిరపడింది. బోరిసీ టేలర్ దగ్గర పీహెచ్‌డీ విద్యార్థిగా మొదలుపెట్టిన పని అది.

విద్యార్థులకు చెప్పదగ్గ ఇంకో ఉదాహరణ రోజర్ చెన్. కేంబ్రిడ్జిలో ఆయన పీహెచ్‌డీ శరీరధర్మ శాస్త్రంలో, 1977లో పూర్తయింది. నాడీ కణంలో కాల్షియం కదలికను చూడాలంటే అప్పటికి సరైన రంగు పదార్థం లేదు. ఎవరో చేసిపెడతారని ఎదురుచూడకుండా తానే సంశ్లేషణ మొదలుపెట్టి, కాల్షియాన్ని పట్టుకునే బాప్టా అణువును 1980లో ప్రకటించారు. అది విద్యుదావేశంతో ఉండటం వల్ల కణపొరను దాటదు. అందుకని ఆవేశాలను ఎస్టర్లతో కప్పి లోపలికి పంపారు. లోపలి ఎంజైములే ఆ కప్పు తీసేస్తాయి. 2008లో ఆయన పంచుకున్న నోబెల్ మెరిసే ప్రోటీన్లకు వచ్చింది గాని, ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఆ ఎస్టర్ చిట్కాయే ఎక్కువ ముచ్చట.

రసాయన జీవశాస్త్రం తనను తాను ఒక రంగంగా గుర్తించుకున్నది 1990లలో. హార్వర్డ్‌లో స్టువర్ట్ ష్రైబర్ బృందం అవయవ మార్పిడి రోగులకిచ్చే ఎఫ్‌కే506 మందు మీద పనిచేసింది. ఆ మందు అంటుకునే ప్రోటీన్ 1989లో దొరికింది. సైక్లోస్పోరిన్ అనే మరో మందు వేరే ప్రోటీన్‌కు అంటుకుంటుంది. రెండింటి పోలికలూ వేరు, పట్టుకునే చోట్లూ వేరు, అయినా రోగనిరోధక కణంలో ఫలితం ఒకటే. 1991లో చిక్కుముడి వీడింది: రెండు జంటలూ వెళ్లి కాల్సిన్యూరిన్ అనే మూడో ప్రోటీన్‌ను ఆపుతున్నాయి. రెండు మందుల సాయంతో టి-కణంలోని సంకేత మార్గం బయటపడింది. 1994లో కెమిస్ట్రీ అండ్ బయాలజీ పత్రిక మొదలైంది. ఆ దశాబ్దం మధ్యలో హార్వర్డ్ రసాయన శాస్త్ర విభాగం తన పేరులో రసాయన జీవశాస్త్రాన్ని చేర్చుకుంది. 2005లో నేచర్ కెమికల్ బయాలజీ, 2006లో ఏసీఎస్ కెమికల్ బయాలజీ వచ్చాయి. సొంత పత్రికలు పుట్టాక సొంత డిగ్రీలు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఒక ప్రయోగం దగ్గరగా

ఈ చదువులో ఏం నేర్పుతారో తెలియాలంటే 1999లో సైన్స్ పత్రికలో వచ్చిన మొనాస్ట్రాల్ పరిశోధనను చూస్తే చాలు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను అటూ ఇటూ లాగే కండె ఆకారపు నిర్మాణం ఒకటి ఏర్పడుతుంది. అప్పటికి తెలిసిన అణువులన్నీ ట్యూబ్యులిన్‌ను తాకి దాన్ని చెడగొట్టేవే. ట్యూబ్యులిన్ జోలికి పోకుండా కండెను మాత్రమే మార్చే అణువు ఉందా అన్నది ప్రశ్న. హార్వర్డ్ బృందం 16,320 సమ్మేళనాలను తీసుకుంది. కణాలను విభజన మధ్యలో నిలిపేసేవి ఏవో ముందు యాంటీబాడీతో పట్టింది. 139 మిగిలాయి. పరీక్షనాళికలో ట్యూబ్యులిన్‌నే తాకేవాటిని పక్కన పెట్టింది. 86 మిగిలాయి. వాటిని ఒక్కొక్కటిగా సూక్ష్మదర్శిని కింద చూస్తే, కండె మీద మాత్రమే ప్రభావం చూపినవి 5.

అందులో ఒకటి వేసిన కణాల్లో రెండు ధ్రువాలకు బదులు నడిమధ్య ఒకే నక్షత్రం, దాని చుట్టూ వలయంగా క్రోమోజోములు కనిపించాయి. ఆ ఒంటి నక్షత్రం వల్లే మొనాస్ట్రాల్ అని పేరు పెట్టారు. అది ఆపుతున్నది ధ్రువాలను ఎడంగా నెట్టే ఈజీ5 అనే మోటారు ప్రోటీన్‌ను అని తేలింది. కడిగేస్తే కణం మళ్లీ మామూలుగా విభజన సాగిస్తుంది. జన్యువును తీసేసి చూసే పద్ధతిలో ఈ వెసులుబాటు లేదు, ఎందుకంటే ఈజీ5 లేని కణం అసలు బతికి ఉండదు. కావాలన్నప్పుడు ఆపి, కావాలన్నప్పుడు వదిలేయగలగడమే చిన్న అణువు చేతిలో ఉన్న బలం.

ఇక్కడ జల్లెడ పట్టిన మూడు దశల్లోనూ రెండు శాస్త్రాల తీర్పులు కలిసే ఉన్నాయి. ఏ సమ్మేళనాన్ని పక్కన పెట్టాలో తెలియని జీవశాస్త్రవేత్త 139 దగ్గరే ఆగిపోతాడు. నక్షత్రాన్ని చూసి అందులో వింతేముందో తెలియని రసాయనవేత్త దాన్ని పారేస్తాడు.

నేర్చుకునే పనిముట్లు

కోర్స్‌వర్క్‌లో ఆర్గానిక్ సంశ్లేషణ, ఎంజైముల గతిశాస్త్రం, ప్రోటీన్ నిర్మాణం, కణజీవశాస్త్రం, గణాంకాలు దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. వాటి మీద ఈ రంగపు సొంత పద్ధతులు వస్తాయి. ఎక్కువగా చెప్పేది బయో ఆర్థోగొనల్ చర్యల గురించి: కణంలోని వేలాది అణువుల్లో దేన్నీ కదిలించకుండా, తమలో తాము మాత్రమే కలిసే రెండు రసాయన సమూహాలు. 2000లో బర్క్‌లీలో కరోలిన్ బెర్టోజీ, ఒక పీహెచ్‌డీ విద్యార్థినితో కలిసి, 1919 నాటి స్టౌడింగర్ చర్యను మార్చి కణాల మీద నడిపించారు. అజైడ్ తగిలించిన చక్కెరను కణానికి మేపుతారు, కణం దాన్ని తన పై పొరలో అమర్చుకుంటుంది, బయటి నుంచి ఫాస్ఫీన్ వచ్చి ఆ అజైడ్‌ను పట్టుకుంటుంది. 2002లో మెల్డాల్, షార్ప్‌లెస్ వేర్వేరుగా ప్రకటించిన రాగి ఉత్ప్రేరకపు క్లిక్ చర్య ఇంకా వేగమైనది, కాని రాగి కణాలకు విషం. 2004లో బెర్టోజీ బృందం బిగుతుగా వంచిన ఎనిమిది కార్బన్ల వలయంతో రాగి అవసరాన్నే తీసేసింది. 2022 నోబెల్ ఈ ముగ్గురికీ వచ్చింది.

ఒకే రకం ఎంజైములన్నింటినీ ఒకేసారి పట్టే ప్రోబు అణువులు, జన్యు సంకేతంలోకి కొత్త అమైనో ఆమ్లాలను చొప్పించే పద్ధతి, అక్కర్లేని ప్రోటీన్‌ను కణపు చెత్త యంత్రానికి అప్పగించే ప్రోటాక్‌లు మిగతా ముఖ్య పాఠాలు. ఈమధ్య ప్రోటీన్ ఆకారాన్ని లెక్కగట్టే ఆల్ఫాఫోల్డ్ వంటి సాధనాలు వచ్చాక కంప్యూటర్ పని కూడా ఐచ్ఛికం స్థాయి దాటింది.

కార్యక్రమాల తీరు

అమెరికాలో ఈ చదువు రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి, కెమిస్ట్రీ విభాగంలోనే ఉండి రసాయన జీవశాస్త్రాన్ని ప్రత్యేక విషయంగా తీసుకోవడం. రెండోది, విభాగాల గోడలు దాటిన ప్రత్యేక కార్యక్రమం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, మిషిగన్, హార్వర్డ్ వంటివి రెండో దారిలో నడుస్తున్నాయి. స్క్రిప్స్ పరిశోధన సంస్థ తన గ్రాడ్యుయేట్ స్కూలుకే రసాయన, జీవశాస్త్రాల పాఠశాల అని పేరు పెట్టుకుంది. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్, మెమోరియల్ స్లోన్ కెటరింగ్, కార్నెల్ కలిసి త్రిసంస్థ కార్యక్రమం నడుపుతున్నాయి. రాక్‌ఫెల్లర్, స్లోన్ కెటరింగ్, కార్నెల్ వైద్య కళాశాల మన్‌హాటన్‌లో ఒకే వీధి పొడవునా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, విద్యార్థి పొద్దున ఒకచోట అణువు కట్టి మధ్యాహ్నం మరోచోట పరీక్షించడం మాటవరసకు చెప్పేది కాదు.

మొదటి ఏడాది విద్యార్థి రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేస్తాడు. దీన్ని రొటేషన్ అంటారు. ఈ రంగంలో దీనికున్న విలువ ఇతర రంగాల్లో కన్నా ఎక్కువ. కెమిస్ట్రీ నుంచి వచ్చినవాళ్లు కనీసం ఒక రొటేషన్ బయాలజీ ల్యాబులో చేయాలన్న నియమం చాలాచోట్ల రాసి ఉన్నా లేకున్నా పాటిస్తారు. రెండో ఏడు అర్హత పరీక్ష. తన ప్రాజెక్టును ప్రతిపాదనగా రాసి, రెండు వైపుల అధ్యాపకులున్న కమిటీ ముందు సమర్థించుకోవాలి. మొత్తం ఐదారేళ్లు పడుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కెమిస్ట్రీ-బయాలజీ ఇంటర్‌ఫేస్ పేరుతో విశ్వవిద్యాలయాలకు శిక్షణ నిధులిస్తాయి. ఆ నిధుల షరతులే చాలాచోట్ల పాఠ్యక్రమాన్ని మలిచాయనుకోవచ్చు.

మన ఇళ్లలో అంతగా తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. అమెరికా చదువంటే బ్యాంకు లోను, ఎంఎస్ ఫీజు అన్న లెక్కే తెలుగువారికి అలవాటు. ఈ పీహెచ్‌డీ కార్యక్రమాల్లో సీటు వచ్చినవారికి సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. బీఎస్సీ తర్వాత నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, అయితే మూడేళ్ల డిగ్రీని అందరూ ఒకేలా చూడరు.

బ్రిటన్ దారి పొట్టిది. ఇంపీరియల్ కాలేజీ కెమికల్ బయాలజీ సంస్థలో ఒక ఏడు ఎంరెస్ (పరిశోధన మాస్టర్స్), ఆపై మూడేళ్ల పీహెచ్‌డీ అన్న పద్ధతి పేరు తెచ్చుకుంది. అక్కడ ప్రతి ప్రాజెక్టుకూ ఇద్దరు గైడులు ఉంటారు, ఒకరు భౌతిక, రసాయన శాస్త్రాల వైపు నుంచి, మరొకరు జీవ, వైద్య శాస్త్రాల వైపు నుంచి. జర్మనీలో డార్ట్‌మండ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో హెర్బర్ట్ వాల్డ్‌మన్ ప్రకృతి ఉత్పత్తుల ఆకారాలను మార్గదర్శిగా తీసుకునే సంశ్లేషణ సంప్రదాయాన్ని పెంచారు. తైవాన్‌లో అకడెమియా సినికా విదేశీ విద్యార్థులకు ఇంగ్లిషులో ఈ పీహెచ్‌డీ నడుపుతోంది.

ఇద్దరు గైడుల పద్ధతి కాగితం మీద ఉన్నంత సుఖంగా నడవదు. రెండు గ్రూప్ మీటింగులు, రెండు రకాల గడువులు, పేపరులో చివరి పేరు ఎవరిదన్న మాట. రసాయన గైడుకు కొత్త చర్య కావాలి, జీవశాస్త్ర గైడుకు కొత్త యంత్రాంగం కావాలి. ఇద్దరికీ సమాధానం చెప్పుకోవలసిన విద్యార్థి మూడో ఏడుకల్లా ఎవరో ఒకరి ల్యాబు మనిషిగా మారిపోతాడు. అలా మారడం తప్పేమీ కాదు. లోతు ఉండాల్సింది ఒకచోటే.

బల్ల మీది పని

ఒక మామూలు రోజు చూద్దాం. విద్యార్థిని కట్టిన ప్రోబు అణుభారం 400 అనుకుందాం. దాన్ని 4 మిల్లీగ్రాములు తూచి ఒక మిల్లీలీటరు డీఎంఎస్‌ఓలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. కణాలున్న గిన్నెలో దాన్ని వెయ్యో వంతుకు పలచన చేస్తే ప్రోబు 10 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. పక్క గిన్నెలో ప్రోబు లేకుండా అదే 0.1 శాతం డీఎంఎస్‌ఓ వేయాలి. అది మరిచిపోతే కనిపించిన మార్పు ప్రోబుదా ద్రావణిదా అన్నది తేలదు, వారం పని వృథా.

కెమిస్ట్రీ నుంచి వచ్చినవారి తొలి ఇబ్బందులు ఇక్కడే. ఎన్‌ఎంఆర్‌లో 95 శాతం శుద్ధత కనిపిస్తే సంశ్లేషణ చేసేవారికి అది సంతృప్తికరం. కణానికి మాత్రం ఆ మిగతా 5 శాతమే ప్రాణాంతకం కావచ్చు. ఆఖరి మెట్టులో వాడిన పల్లాడియం, జింక్ వంటి లోహాల జాడ మిగిలి, దాని ప్రభావం అణువు ఖాతాలో పడిన సందర్భాలు ఉన్నాయి. డీఎంఎస్‌ఓ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఫ్రీజర్‌లోంచి పదేపదే తీసి పెట్టిన సీసాలో గాఢత లేబుల్ మీద రాసినంత ఉండదు. కణాలకు మేతగా వేసే సీరంలోని ప్రోటీన్లు అణువును పట్టుకుని కణం దాకా పోనివ్వవు.

బయాలజీ నుంచి వచ్చినవారి కష్టాలు వేరు. కాలమ్ దగ్గర గంటల తరబడి నిలబడి, టీఎల్‌సీ పలక మీద చుక్కలు వేసి, యూవీ దీపం కింద ఏ గొట్టంలో తమ పదార్థం దిగిందో వెతకడం వారికి విసుగు. పైగా కణాలకు ఆదివారం లేదు. 37 డిగ్రీల ఇంక్యుబేటరులో అవి నిండిపోతుంటే సెలవైనా వచ్చి విడగొట్టాలి. రాత్రంతా నడిచే రసాయన చర్య దానికి తోడైతే రెండు గడియారాల మధ్య బతకడమే. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టిన కణాల మీద నెలల తరబడి చేసిన పనిని పారేయాల్సి రావడం రెండు వైపులవాళ్లకూ తప్పని దుఃఖం.

మంచి ప్రోబు, చెడ్డ ప్రోబు

ఈ చదువులో అన్నిటికన్నా విలువైన పాఠం ఏదంటే, నా మట్టుకు ఇదే. ఒక అణువును ఫలానా ప్రోటీన్‌కు అడ్డు అని కేటలాగులో రాసినంత మాత్రాన అది అలాగే పనిచేస్తుందని కాదు. విడిగా పరీక్షిస్తే 100 నానోమోలార్ లోపే పట్టుకోవాలి, దాని చుట్టాలైన ప్రోటీన్ల కంటే లక్ష్యాన్ని కనీసం 30 రెట్లు ఎక్కువ ఇష్టపడాలి, కణంలో 1 మైక్రోమోలార్ దగ్గర పనిచేయాలి అన్నవి ఈ రంగంలో ఎక్కువమంది ఒప్పుకున్న కనీస ప్రమాణాలు. వీటితోపాటు, పోలికలో దాదాపు అదే అయి పని మాత్రం చేయని జంట అణువు కూడా చేతిలో ఉండాలి. 2015లో మొదలైన కెమికల్ ప్రోబ్స్ పోర్టల్ ఏ ప్రోబు వాడదగ్గదో నిపుణుల చేత చెప్పిస్తుంది. పీఐ3 కైనేజ్‌కు అడ్డుగా 1994 నుంచి లెక్కలేనన్ని పరిశోధనల్లో వాడిన ఎల్‌వై294002 మరెన్నో ప్రోటీన్లను తాకుతుందని తేలాక కూడా దాని వాడకం ఆగలేదు.

2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు జొనాథన్ బెల్, జార్జినా హాలోవే కొన్ని రసాయన ఆకారాల జాబితా ఇచ్చారు. ఏ పరీక్షలో వేసినా అవి పనిచేసినట్టే కనిపిస్తాయి, కాని నిజంగా దేన్నీ ప్రత్యేకంగా పట్టుకోవు. మన పసుపులోని కర్కుమిన్ ఈ కోవలోకే వస్తుంది. అది రంగుగా ఉండి కాంతి కొలతలను తప్పుదారి పట్టిస్తుంది, నీటిలో త్వరగా విరిగిపోతుంది, లోహాలను పట్టుకుంటుంది, ప్రోటీన్లకు అడ్డదిడ్డంగా అంటుకుంటుంది. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన సమీక్ష దీన్ని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. మన దేశంలో మొక్కల నుంచి తీసిన పదార్థాల మీద నడిచే థీసిస్‌లు ఎన్నో ఉన్నాయి. వాటిలో చేరేముందు విద్యార్థి ఈ ఒక్క సమీక్షనైనా చదవాలి. పసుపు మీద గౌరవానికి, పరీక్షనాళికలో కర్కుమిన్ ప్రవర్తనకు సంబంధం లేదు.

భారతదేశంలో

మన చదువుల్లో ఈ రెండు శాస్త్రాలు చాలా ముందే విడిపోతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్‌లో చేరేనాడే పదిహేనేళ్ల పిల్లలు ఎంపీసీ, బైపీసీలలో ఒకటి ఎంచుకుంటారు. ఎంపీసీవారు జీవశాస్త్రాన్ని, బైపీసీవారు లెక్కలను అక్కడితో వదిలేస్తారు. రెండింటిలోనూ మిగిలేవి ఫిజిక్స్, కెమిస్ట్రీలే. ఎంపీసీ దారిలో ఎమ్మెస్సీ ఆర్గానిక్‌కు వచ్చిన విద్యార్థికి కణం గురించి పదో తరగతి జ్ఞానమే ఉండొచ్చు. బైపీసీ దారిలో బయోటెక్నాలజీకి వచ్చినవారికి సమీకరణం చూస్తే జంకు. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ కూడా రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రాలు అని వేర్వేరు పేపర్లుగానే ఉంటుంది. గేట్‌లో కాస్త నయం: జీవశాస్త్రాల పేపరు రాసేవారికి రసాయన శాస్త్ర విభాగం తప్పనిసరి.

ఈ గోడను కిందినుంచే తగ్గించే ప్రయత్నం ఐసర్‌లది. 2006లో పుణె, కోల్‌కతాలతో మొదలై 2015లో తిరుపతి దాకా వచ్చిన ఈ సంస్థల బీఎస్-ఎంఎస్ కోర్సులో మొదట అందరూ జీవ, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాలన్నీ చదవాలి. బెంగళూరులో ఐఐఎస్‌సీ, జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలు డిగ్రీ తర్వాత నేరుగా పరిశోధనలోకి తీసుకుంటాయి. కోల్‌కతాలో 1935లో పుట్టిన వైద్య పరిశోధన సంస్థ 1982 నుంచి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీ అన్న పేరు మోస్తోంది. ప్రపంచంలో చాలామంది కన్నా ముందే ఆ పేరు పెట్టుకుంది.

హైదరాబాద్ కథ ప్రత్యేకం. 1944లో నిజాం రాష్ట్రంలో మొదలైన కేంద్ర ప్రయోగశాలలే తర్వాత ప్రాంతీయ పరిశోధనశాల, 1989 నుంచి ఐఐసీటీ. ఇక్కడి జీవరసాయన విభాగం 1977లో విడివడి సీసీఎంబీ అయింది. దాన్ని నిర్మించిన పుష్ప మిత్ర భార్గవ స్వయంగా ఆర్గానిక్ కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసిన మనిషి. అణువులు కట్టే సంస్థ, జన్యువులు చదివే సంస్థ ఇవాళ ఉప్పల్ రోడ్డు మీద పక్కపక్కనే ఉన్నాయి. రసాయన జీవశాస్త్రానికి ఇంతకన్నా అనువైన చోటు దేశంలో మరొకటి లేదనిపిస్తుంది. బాలానగర్‌లో నైపర్, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉండనే ఉన్నాయి.

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ 42,000 రూపాయలు. 2023లో పెరిగిన లెక్క ఇది. డబ్బుకన్నా పెద్ద ఇబ్బంది సామగ్రి. విదేశాల నుంచి తెప్పించుకోవలసిన యాంటీబాడీ చిన్న సీసా కోసం కొనుగోలు కాగితాలు నెలలు తిరగడం భారతీయ ల్యాబుల్లో మామూలు. ప్రోబును సొంతంగా కట్టుకోగలవారికి ఈ విషయంలో కొంత మేలు.

చదువు తర్వాత

మందుల పరిశ్రమ ఈ విద్యార్థులను ఎక్కువగా తీసుకుంటుంది. 2001లో ప్రయోగంగా పుట్టిన ప్రోటాక్ 2019లో మనుషుల మీద పరీక్షలకు వెళ్లింది. మందు పట్టదని వదిలేసిన కే-రాస్ ప్రోటీన్‌లో ఒక గుంటను కెవన్ షొకాట్ బృందం 2013లో చూపిస్తే, 2021లో సొటొరాసిబ్‌కు అనుమతి వచ్చింది. ఇలాంటి పనుల్లో రెండు భాషలూ అర్థమయ్యేవారు కావాలి. హైదరాబాద్‌లో నాచారం నుంచి జీనోమ్ వ్యాలీ దాకా ఉన్న కాంట్రాక్టు పరిశోధన సంస్థల్లో ఆర్గానిక్ ఎమ్మెస్సీలకు ఎప్పటినుంచో గిరాకీ ఉంది. వాటిలో కొన్ని అణువు తయారీతోపాటు దాన్ని పరీక్షించే జీవశాస్త్ర విభాగాలూ నడుపుతున్నాయి. పేటెంట్ల పని, పత్రికా సంపాదకత్వం మరి రెండు దారులు.

అధ్యాపక ఉద్యోగాల దగ్గర మాత్రం పాత గోడ మళ్లీ ఎదురవుతుంది. యూజీసీ నిబంధనలు సంబంధిత లేదా అనుబంధ విషయంలో డిగ్రీ ఉండాలంటాయి. రసాయన జీవశాస్త్రం కెమిస్ట్రీకి అనుబంధమా, బయోకెమిస్ట్రీకి అనుబంధమా అన్నది దరఖాస్తులు వడగట్టే కమిటీ ఇష్టం. సీఎస్‌ఐఆర్ సంస్థల్లో పీహెచ్‌డీ ఇచ్చే ఏసీఎస్‌ఐఆర్‌లో రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రాలు వేర్వేరు ఫ్యాకల్టీలు. ఒకే ల్యాబులో ఒకే ప్రాజెక్టు మీద పనిచేసే ఇద్దరి సర్టిఫికెట్ల మీద వేర్వేరు పేర్లు పడొచ్చు. అందుకే చేరిన మొదటి నెలల్లోనే, గైడును, ప్రాజెక్టును చూసుకున్నంత శ్రద్ధగా రిజిస్ట్రేషన్ ఏ ఫ్యాకల్టీ కింద పడుతోందో కూడా చూసుకోవడం మేలు.